మెత్తల మీద హెవీ మెటల్

మాది హెవీ మెటల్ బ్యాండ్ అని చెబితే చిక్కడపల్లిలో ఎవరైనా మొదట అడిగేది, పెళ్లిళ్లకు వస్తారా అని. రెండో ప్రశ్న ఉండదు. కాలేజీ రోజుల్లో ఆ మాటకు నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు యాభై దాటి, మెడనొప్పికి డాక్టరు ఇచ్చిన పట్టీ వేసుకుని తిరుగుతున్న వయసులో, పిలిస్తే పెళ్లికైనా వెళ్దామనే ఉంది. ఎవరూ పిలవరు.

మేము ముగ్గురం. నేను గాయకుణ్ని, అంటే అరుస్తాను. పగలు నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతూ, నిశ్శబ్దంగా ఉండమని పిల్లల మీద అరుస్తాను. మా డ్రమ్మర్‌కు చిక్కడపల్లి సందులో పిండి గిర్ని ఉంది, తండ్రి నుంచి వచ్చింది. మా గిటారిస్టుకు అశోక్‌నగర్‌లో సొంత ఇల్లుంది. ఇల్లంటే, వాళ్లు ఉండే వాటా, పైన మాకిచ్చిన గది పోగా మిగతాదంతా హాస్టలే. జిల్లాల నుంచి వచ్చి సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే పిల్లలుంటారు. బేస్ గిటార్ వాయించే నాలుగోవాడు కూడా ఒకప్పుడు ఉండేవాడు. మా గదిలో కూర్చుని కూర్చుని వాడికీ చదువు అబ్బి, గ్రూప్స్‌లో సెలెక్టయి తహసీల్దారుగా వెళ్లిపోయాడు. మా బ్యాండ్ సాధించిన విజయం ఇప్పటివరకు అదొక్కటే.

మెటల్ బ్యాండ్ గదిలో కూర్చుంటే చదువు ఎలా అబ్బుతుందని మీకు అనుమానం రావాలి. దానికి కారణం గిటారిస్టు తండ్రి. మా కాలేజీ రోజుల్లో ఆ గది మాకిస్తూ పెద్దాయన ఒకే ఒక షరతు పెట్టారు.

"కింద పిల్లలు పరీక్షలకు చదువుతున్నరు. పరీక్ష అయ్యేదాక చప్పుడు బంద్. అయినంక మీ ఇష్టం, ఇల్లు కూలగొట్టుకోండ్రి."

న్యాయమైన మాటే కదా, సరేనన్నాం. అశోక్‌నగర్‌లో పరీక్ష అయిపోవడమనేది ఉండదని అప్పుడు మాకు తెలియదు. ఒక పరీక్ష అయ్యేలోపు ఇంకో నోటిఫికేషన్ పడుతుంది. పడింది కోర్టుకు వెళ్తుంది. కోర్టు నుంచి వచ్చింది వాయిదా పడుతుంది. దానితోపాటే మా చప్పుడు కూడా వాయిదా పడుతూ వచ్చింది. షరతు పెట్టిన పెద్దాయన పోయారు, షరతు మాత్రం అలాగే ఉంది. గిటారిస్టు తండ్రి మాట జవదాటడు. జవదాటే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

అందుకని మాకు మేమే ఒక పద్ధతి కనిపెట్టుకున్నాం. డ్రమ్ముల మీద మెత్తలు కట్టాం. మెత్తలంటే దిండ్లే, హాస్టల్ పిల్లలు ఖాళీ చేస్తూ వదిలేసిపోయినవి. డ్రమ్ముల పక్కన మోగే ఇత్తడి తాళాలకు టవళ్లు చుట్టాం. గిటారుకు ప్లగ్గు పెట్టం. నేనేమో ఒక తువ్వాలును మడతలు పెట్టి, రెండు చేతులా నోటికి అదిమి పట్టుకుని అందులోకి అరుస్తాను. మొహం ఎర్రబడుతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. బయటికి మాత్రం పక్క సందులో బర్రె నిట్టూర్చినట్టు వస్తుంది. ఆంప్లిఫయర్ ఉండటానికి ఉంది. దాని మీద గిటారిస్టు భార్య హాస్టల్ మెస్సుకు పెట్టిన మామిడికాయ తొక్కు జాడీలు పెట్టుకుంది.

ఆదివారం వస్తే సాయంత్రం ఇదే మా ప్రాక్టీసు. కింద చదువుకునే పిల్లలు ఎప్పుడైనా మేడ మీదికి బట్టలు ఆరేయడానికి వచ్చి, కిటికీలోంచి మమ్మల్ని చూసేవాళ్లు. ముగ్గురు పెద్దమనుషులు చప్పుడు లేకుండా తలలు ఊపుకుంటూ, పూనకం వచ్చినట్టు చేతులు విసురుతూ ఉంటే వాళ్లేమనుకున్నారో నాకు తెలియదు. మర్యాదగా నమస్తే పెట్టి వెళ్లిపోయేవాళ్లు.

బయట వాయించింది ఒకే ఒక్కసారి, వయసులో ఉన్నప్పుడు, మా గల్లీ వినాయకుడి మండపంలో. నా మొదటి అరుపుకే మండపం పెద్ద వచ్చి మైకు లాక్కున్నాడు. "దేవుడు జడుసుకుంటడు, దిగుండ్రి" అన్నాడు. డ్రమ్మర్ చేతిలో కర్రలు అలాగే పైకెత్తి ఉన్నాయి. అంతటితో మా సంగీత యాత్ర ముగిసి, మెత్తల యాత్ర కొనసాగింది.

పోయిన చలికాలం డ్రమ్మర్ నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తోడు రమ్మన్నాడు. డాక్టరు చెప్పేది వినడానికి మనిషి కావాలి కదా. అతని వినికిడి తగ్గుతున్నట్టు మాకు తెలుసు. తగ్గి ఎంతదాకా వచ్చిందో తెలియదు. పరీక్షలన్నీ చేశాక డాక్టరు, ఏం పని చేస్తారని అడిగాడు.

"హెవీ మెటల్ డ్రమ్మర్‌ని" అన్నాడు మావాడు, నిటారుగా కూర్చుని.

డాక్టరు కలం కింద పెట్టాడు. "అదే కారణం. ఇన్నేళ్లు అంత పెద్ద శబ్దం మధ్యలో ఉంటే చెవులు ఏం మిగులుతాయి చెప్పండి" అన్నాడు.

చిన్నప్పటి నుంచి గిర్ని మోటారు పక్కన నిలబడి జొన్నలు పట్టినవాడు మావాడు. డ్రమ్ములంటారా, అతను జీవితమంతా కొట్టింది దూదిని. ఆ మాట చెప్పబోతే బల్ల కింద నా కాలు తొక్కాడు. డాక్టరు ఇంకా చాలా చెప్పాడు. ఎడమ చెవి దాదాపు పోయింది. కుడిచెవి ఇంకొన్ని నెలలు. మిషన్ పెడితే అప్పటిదాకా కొంత ఆసరా, తర్వాత అదీ చెప్పలేం.

బయటికొచ్చి ఇరానీ హోటల్లో కూర్చున్నాక ఇవన్నీ అతనికి మళ్లీ గట్టిగా చెప్పాను. పక్క బల్లల వాళ్లు కూడా విని బాధపడ్డారు. అతను మాత్రం నవ్వుతున్నాడు.

"ఆ డాక్టర్ నన్నెంత ఇజ్జత్‌తోని చూసిండో చూసినవా?" అన్నాడు. ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తిన్నాడు. ఇంకోటి చేతిలోకి తీసుకుని అన్నాడు, "చెవులు పోతే పోనీ రా. గిర్ని చప్పుడు వినకుంటె బతకనా? గానీ మన బ్యాండు పూరా సౌండుల ఎట్లుంటదో ఒక్కసారి వినాలె. ఇన్నేండ్లసంది కొడుతున్న, నేనేం కొడుతున్ననో నాకే తెల్వదు."

నాకు ఏడుపొచ్చింది. చాయ్ వేడికి కళ్లు చెమర్చాయని చెప్పాను. ఆ రోజు చాయ్ చల్లారిపోయి ఉంది.

మరి ఆ సాయంత్రమే వెళ్లి ప్లగ్గు పెట్టొచ్చు కదా అంటారు. కింద పిల్లలకు పెద్ద పరీక్ష దగ్గరికొచ్చింది. "ఇదొక్కటి అయిపోనీయండ్రి" అన్నాడు గిటారిస్టు, అన్నం తినకుండా తిరుగుతూ. అతనికీ బాధే. ఆ వారంలోనే టీవీ వాళ్లు పిలిచారు.

పిలిచినవాడు మా హాస్టల్లో ఉండి వెళ్లినవాడే. గ్రూప్స్ రాసి రాసి విసిగి, ఒక చానెల్‌లో చేరి, టాలెంట్ షోకు మనుషుల్ని వెతికే పనిలో ఉన్నాడు. "అన్న, మెత్తల బ్యాండు ఇంక నడుస్తున్నదా? ఈసారి సీనియర్ల స్పెషల్ ఎపిసోడ్ ఉన్నది. డ్యాన్సులు, మిమిక్రీలు మస్తు దొరికినయి, మెటల్ ఒక్కటే లేదు. రాండ్రి అన్న" అన్నాడు. పెద్ద స్టేజి, పెద్ద సౌండు, పరీక్షలు రాసేవాళ్లు ఎవరూ ఉండని హాలు. మేము ఆలోచించలేదు. డ్రమ్మర్ చెవికి మిషన్ కూడా ఆ రోజుకు అందేలా చేయించాం.

ఇంట్లో చెబితే మా ఆవిడ, "ముసలోళ్లకు దసరా పండుగంటె ఇదే" అంది. "అరవనీకి అంతదూరం ఎందుకండీ, ఇంట్ల అరుస్తనే ఉన్నరు గద?"

పాట మా సొంతదే. నల్లా నీళ్ల మీద. మా గల్లీలో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, వస్తాయన్న రోజు రావు. ఆ ఎదురుచూపులో ఉన్న చీకటి, ఆగ్రహం, ఖాళీ బిందెల శూన్యం, వీటన్నిటినీ మేము మెటల్‌లోకి తెచ్చామని మా నమ్మకం. నేను "రాదు! రాదు! రాదు!" అని గొంతు చించుకుంటూ ఉంటే డ్రమ్ములు పెరుగుతూ పోయి, చివర ఒక్క క్షణం అన్నీ ఆగి, "వచ్చే!" అని భూమి దద్దరిల్లే అరుపు. ఆ అరుపు మీద డ్రమ్మర్ తన బలమంతా పెట్టి కొట్టాలి. ఇన్నేళ్లూ మెత్తల మీద అది "బుస్" మనేది.

నెల రోజులు ప్రాక్టీసు చేశాం. ఆదివారాలు చాలక రోజూ సాయంత్రాలు చేశాం. ఎక్కడ చేశామంటారా? అదే గదిలో, అవే మెత్తల మీద, అదే తువ్వాలులోకి. స్టేజి మీద మెత్తలుండవు కదా, ఒక్కసారైనా ఎక్కడికైనా వెళ్లి అవి తీసేసి చూసుకుందామని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. పిల్లలకు ఆర్థికశాస్త్రంలో దూరదృష్టి గురించి పాఠం చెప్పేవాణ్ని నేను.

స్టూడియోకు వెళ్లాం. ముగ్గురికీ నల్ల బనియన్లు ఇచ్చారు. వాటి మీది పుర్రె బొమ్మలు మా పొట్టల మీద సాగి నవ్వుతున్నట్టు కనిపించాయి. నేను మెడపట్టీ తీయబోతే బట్టలు చూసే అమ్మాయి వద్దంది. "ఉంచండి సార్, చాలా రఫ్‌గా ఉంది" అని దానికి మేకులు అంటించింది. అప్పుడు నన్ను మా ఎముకల డాక్టరు చూడాలి.

తర్వాత ఒక కుర్చీలో కూర్చోబెట్టి, మీ జీవితంలో పెద్ద కష్టం ఏమిటని అడిగారు. అందరినీ అడుగుతారట, వెనక వయొలిన్ వేస్తారట. నేను డ్రమ్మర్ వైపు చూశాను. అతనికి ప్రశ్న వినబడలేదు గానీ నా మొహం చూసి అర్థమైంది.

"నా చెవుల ముచ్చట టీవీల చెప్పినవంటె చూడు" అన్నాడు. "వాళ్లు మన పాట వినాలె. నా మీద జాలి పడనీకి రాలేదు మనం."

ఇక గిటారిస్టు గొంతు సవరించుకుని, పోయిన ఎండాకాలం హాస్టల్ నీళ్ల మోటారు కాలిపోయిందని చెప్పాడు. దానికే వయొలిన్ వేశారు. చాలా బాగా కుదిరింది.

స్టేజి ఎక్కాం. అంత వెలుగు, అంత పెద్ద స్పీకర్లు నేనెప్పుడూ చూడలేదు. ముందు ముగ్గురు న్యాయనిర్ణేతలు, వెనక జనం. డ్రమ్మర్ కుడిచెవి మిషన్ సౌండు మొత్తం పెంచుకుని, నాకు బొటనవేలు చూపించాడు. అతని మొహంలో ఆ వెలుగు నాకు ఇంకా గుర్తుంది. కొత్త సైకిలు కొనిచ్చిన రోజు పిల్లల మొహాలు అలా ఉంటాయి.

గిటారిస్టు మొదటి తీగ మీటాడు. అది హాలంతా మోగింది. మోగగానే అతను ఉలిక్కిపడి సౌండు సున్నాకు తిప్పేసి, కిందికి నేల వైపు చూశాడు. నేల కింద ఎవరో చదువుకుంటున్నారన్నట్టు. డ్రమ్మర్ కర్రలెత్తాడు. అతని చేతులు ఇన్నేళ్లుగా మెత్తలోకి దిగి ఆగిపోవడం నేర్చుకున్నాయి. తోలు తగలడమే ఆలస్యం, తప్పు చేసినట్టు వెనక్కి వచ్చేశాయి. ఇక నేను. భుజం మీద చెమట తుడుచుకోవడానికి వేసుకున్న తువ్వాలు ఎప్పుడు చేతిలోకి వచ్చిందో, ఎప్పుడు మడతలు పడిందో నాకు తెలియదు. మైకుకూ నోటికీ మధ్య దాన్ని రెండు చేతులా అదిమి పట్టుకుని, ప్రాణం పెట్టి "రాదు" అని అరిచాను. అంత పెద్ద స్పీకర్లలోంచి బర్రె నిట్టూర్చింది.

తెలుస్తూనే ఉంది. తెలిసినా చేతులు మాట వినలేదు. నీళ్లలో పడ్డవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు ఆ తువ్వాలును పట్టుకుని పాటంతా పాడాను. మధ్యలో సౌండు మనిషి వైర్లు పోయాయనుకుని పరుగెత్తుకొచ్చి, అన్నీ బాగున్నాయని చూసి, తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. చివరి "వచ్చే" కూడా వచ్చి పోయింది. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మా డ్రమ్మర్, చెవులు సరిగా వినబడనివాళ్లు మాట్లాడే ఆ పెద్ద గొంతుతో, వెనక నుంచి అడిగాడు.

"మొదలైందా?"

ఆ రోజు మా బ్యాండు నుంచి జనానికి స్పష్టంగా వినబడింది అదొక్కటే.

జనం విరగబడి నవ్వారు. న్యాయనిర్ణేతల్లో పెద్దావిడ నవ్వలేదు, పాపం. చాలా ప్రశాంతంగా ఉందని, వాళ్ల మనవరాలిని నిద్రపుచ్చడానికి బాగుంటుందని అంది. పక్కాయన, మెటల్‌లో జోలపాట కొత్త ప్రయోగమని మెచ్చుకున్నాడు. మూడో ఆయన క్షమించమన్నాడు. ఇంకొక్క అవకాశం ఇవ్వమని నేను అడిగేలోపు, లెక్కలు చేసే కుక్కను స్టేజి మీదికి తెచ్చేశారు.

తిరుగు దారిలో క్యాబ్ ఎక్కాం. డ్రమ్మర్ మిషన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. నారాయణగూడ దగ్గరికి వచ్చాక తనే అన్నాడు, "పోనీ తీయుండ్రి రా. చెవిటోని ముందల శంఖం ఊదనీకి పోయిండ్రు, శంఖం గూడ మూగదాయె." మేము నవ్వాలని అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నా స్నేహితుడు జీవితంలో కోరింది ఒక్కటి, అది నా చేతిలో ఉండి కూడా ఇవ్వలేకపోయాను. ఒక తువ్వాలు కింద పడేయడం చేతకాని వెధవను నేను.

ఎపిసోడ్ వచ్చింది. మా పాటలో తువ్వాలు భాగం, "మొదలైందా" భాగం మాత్రం ఉంచి, మధ్యలో కార్టూన్ చప్పుళ్లు కలిపారు. అది ఫోన్ల మీద పాకిపోయింది. నేను క్లాసులో సుద్దముక్క తీయగానే వెనక బెంచీ నుంచి "మొదలైందా సార్?" అని వినబడేది. చిక్కడపల్లి కూరగాయల బండి అతను తూకం వేస్తూ అడిగేవాడు. గిర్నికి వచ్చినవాళ్లు అడిగితే మాత్రం డ్రమ్మర్‌కు వినబడేది కాదు. వాళ్లే మొహమాటపడి పిండి తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. అప్పటికి కుడిచెవి కూడా బాగా తగ్గింది.

రెండు ఆదివారాలు ప్రాక్టీసుకు ఎవరం వెళ్లలేదు. మూడో ఆదివారం డ్రమ్మరే మమ్మల్ని లాక్కెళ్లాడు. మెత్తలు సర్దుకుంటున్నాం. మెట్ల మీద చాలామంది అడుగుల చప్పుడైంది. హాస్టల్ పిల్లలు, ఒక పాతికమంది ఉంటారు, తలుపు దగ్గర నిలబడ్డారు. ఎగతాళి చేయడానికి వచ్చారనుకున్నాను. మెడపట్టీ సర్దుకుని, క్లాసులో చూసే చూపు ఒకటి చూశాను.

వాళ్లలో గడ్డం ఉన్నతను ముందుకొచ్చాడు. "సార్, పరీక్ష మళ్ల వాయిదా పడ్డది. ఇప్పుడే చెప్పిండ్రు" అన్నాడు. "ఎన్నడో తెల్వదు. ఇయ్యాల మాకు పుస్తకం ముట్టబుద్ధి అయితలేదు. టీవీల మిమ్మల్ని చూసి మేం గూడ నవ్వినం సార్. నవ్వినంక మెస్సుల అక్క చెప్పింది, మా చదువుల కోసమే మీరు ఇన్నేండ్లు ఇట్ల ఆపుకున్నరని. ఇయ్యాల మేం చదువం. మీరు కొట్టుండ్రి."

"పరీక్ష కాలేదు గద" అన్నాడు గిటారిస్టు, తండ్రి ఫోటో ఉన్న గోడ వైపు చూస్తూ.

"అది అయితదని మీరింక అనుకుంటున్నరా అన్న?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

ఆ మాటకు అందరం నవ్వాం. నవ్వుతూనే పిల్లలు లోపలికొచ్చి డ్రమ్ముల మీది మెత్తలు విప్పేసి, వాటినే కింద వేసుకుని కూర్చున్నారు. ఇద్దరు ఆంప్లిఫయర్ మీది తొక్కు జాడీలు జాగ్రత్తగా దించారు. నా భుజం మీది తువ్వాలును గడ్డం అతను వినయంగా అడిగి తీసుకుని, తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. డ్రమ్మర్ జేబులోంచి మిషన్ తీసి కుడిచెవికి పెట్టుకున్నాడు. ఈసారి బొటనవేలు చూపించలేదు. చేతులు రెండుసార్లు తొడలకు తుడుచుకున్నాడు.

వాయించాం. కిటికీ అద్దాలు గలగలలాడాయి, గోడ సున్నం రాలింది, ఎదురింటి పెద్దావిడ బయటికొచ్చి శాపనార్థాలు మొదలుపెట్టింది. నేను "రాదు" అని అరిచాను. నా నోట్లోంచి వచ్చింది నాకే కొత్తగా ఉంది, భయం వేసింది. ఆపలేదు. చివర అన్నీ ఆగిన ఆ క్షణం వచ్చింది. "వచ్చే!" అన్నాను. డ్రమ్మర్ లేచి నిలబడి, గిర్నిలో బస్తాలు ఎత్తిన ఆ భుజాలతో, బలమంతా పెట్టి కొట్టాడు. ఒక కర్ర విరిగి ఎవరి మీదో పడింది.

చప్పుడు తగ్గింది. అతను కదలకుండా నిలబడ్డాడు. మొహం అదోలా ఉంది. వినబడిందో లేదో తెలియడం లేదు. నేను దగ్గరికి వెళ్లి చెవి దగ్గర నోరు పెట్టి, "వినబడ్డదా?" అని అడిగాను.

"వినబడ్డది" అన్నాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి, పొట్ట మీద పుర్రె బొమ్మ లేదు గానీ పొట్ట మాత్రం నవ్వుతో ఎగిరెగిరి పడుతోంది. "పూరా వినబడ్డది. ఛీ, ఇంత దరిద్రంగ వాయిస్తమారా మనం? నువ్వైతే మరీ ఘోరం. ఇన్నేండ్లు ఎవ్వరు చెప్పలేదేందిరా?"

"ఎవరికి వినబడిందని చెప్తరు?" అన్నాను.

అతను బనియన్‌తో మొహం తుడుచుకున్నాడు. పిల్లవాడొకడు విరిగిన కర్ర ముక్క అందిస్తే తీసుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, స్టూలు ముందుకు జరుపుకుని కూర్చున్నాడు.

"సరే, మొదటికెళ్లి. మళ్ల వాయిద్దాం" అన్నాడు.